మురుగు తోడు

హైమవతి ప్లాంటు నుంచి ఇంటికొస్తే వీధి గుమ్మంలోంచి రానిచ్చేది కాదు వాళ్లక్క సత్యవేణి. దొడ్డిదారినే రావాలి. దొడ్లో బకెట్టెడు నీళ్లు, సున్నిపిండి, అడ్డంగా కట్టిన పాత చీర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. "ఆ కంపుతో నా వంటింట్లోకి అడుగెట్టావంటే కూరలన్నీ కాలవలో పారబొయ్యాల," అనేది. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసి, లాకులపాలెం మురుగంతటికీ పెద్ద దిక్కయిన మనిషి, నలభయ్యో పడికి దగ్గరపడుతూ కూడా ఆ చీర చాటున ఒళ్లు రుద్దుకుని లోపలికి రావాల్సిందే. డాక్టరేటు చదువు ప్లాంటులో చెల్లేది గానీ ఆ దొడ్లో చెల్లేది కాదు.

అక్కంటే అక్కే మరి. అమ్మ పోయినప్పుడు హైమకి పలక పట్టే వయసు. సత్యవేణి అప్పటికి పరికిణీలో ఉంది. ఆ పిల్లే ఇళ్లల్లో వంటలు చేసి చెల్లెల్ని చదివించింది. పెళ్లి చేసుకుంది, మొగుడు ఏడాది తిరక్కుండా ఎటో పోయాడు, పోతే పోయాడని లాకుల సెంటర్లో కర్రీ పాయింటు పెట్టుకుంది. సత్యవేణి గుత్తివంకాయ తినని మనిషి లాకులపాలెంలో లేడు. ఎవరు ఏం అడిగినా లేదనడం ఆవిడకి చేతకాదు. అప్పడాలు కొసరడిగినా ఇచ్చేది, అన్నం అడిగితే కూరా కలిపి ఇచ్చేది.

అప్పటికి పెద్ద నగరాల చల్లటి గదులకే దేశంలో కరెంటు చాలేది కాదు. చిన్న ఊళ్లని మీ తిప్పలు మీరు పడండని వదిలేశారు. లాకులపాలెం తిప్పలు ఏంటంటే, ఊరి మురుగు. కాలవ గట్టున ప్లాంటు పెట్టారు. మురుగులోంచి వచ్చే బురదని తొట్లలో పులియబెడితే గ్యాసొస్తుంది, గ్యాసుతో కరెంటు. ఇందులో కొత్తేం లేదు. కాకపోతే మామూలుగా ఆ పులియడానికి నెల్లాళ్లు పడుతుంది. హైమ తయారుచేసిన జీవి ఒక్క పగలే తీసుకునేది. పొద్దున్న తొట్టిలో పోసిన నల్లటి బురద సాయంత్రానికల్లా తేటనీరయ్యేది. అడుగున దోసెడు బూడిదరంగు ఒండ్రు. మిగతాదంతా గ్యాసే. రోజూ పాత తొట్లోంచి ఓ చెంబుడు తీసి కొత్త తొట్లో కలిపేవాళ్లు. పనివాళ్లు దాన్ని 'తోడు' అనేవాళ్లు. పేరు బాగుందని హైమ కూడా అదే అనేది.

చిక్కల్లా ఒక్కటే. ఆ తోడుకి వేడి కావాలి, చెయ్యి పెడితే కాలేటంత. వచ్చిన గ్యాసులో సగం ఆ తొట్లు కాయడానికే పోయేది. మేనేజరు నరసరాజు గారు రోజూ అదే పాట. "సగం మనమే తినేస్తే ఊరికేం మిగుల్తుందండీ హైమవతి గారూ?"

వేడి లేకుండా బతికేలా దాన్ని మచ్చిక చెయ్యాలని హైమ పట్టుబట్టింది. కొంచెం కొంచెంగా వేడి తగ్గించుకుంటూ, చచ్చినవాటిని పారబోసి బతికినవాటిని పెంచుకుంటూ, రెండు వేసవులు గడిచాయి. ఎంతదాకా తగ్గించాలో ఆవిడకి వంటింట్లోనే తోచింది. సత్యవేణి పాలల్లో చిటికెనవేలు ముంచి చూసి తోడేస్తోంది.

"అలా వేలితో చూస్తే ఏం తెలుస్తదక్కా?"

"ఎందుకు తెలీదూ? చల్లగానూ ఉండకూడదు, వేడిగానూ ఉండకూడదు. మన ఒంటి వేడి ఎంతో పాల వేడి అంతుండాల. అప్పుడు రాయిలా తోడుకుంటది."

మన ఒంటి వేడి. ఆ మాట విన్నప్పుడైనా హైమ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మన ఎండలకి తొట్టి దానంతట అదే ఆ వేడికి వస్తుంది, పైసా ఖర్చు లేదు, అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు లెండి.

అది బయటికి పోతే ఏంటి సంగతి అని నరసరాజు గారు అడక్కపోలేదు. "తిండి ఆపితే వారంలో చస్తుందండీ. మన తొట్లలో ఎన్నిసార్లు చూడలేదూ?" అంది హైమ. అబద్ధం కాదు. బురద అందక తొట్టి మాడితే గ్యాసు ఆగిపోయేది, నీళ్లు కదలకుండా పడుండేవి. తొట్టి చచ్చిందనేవాళ్లు. కడిగి పారబోసి, పక్క తొట్లోంచి కొత్త తోడు పోసేవాళ్లు. మన ఇళ్లల్లోనూ అంతే కదా. పెరుగు పాడైతే దానికి మళ్లీ పాలు పోసి లేస్తుందేమోనని ఎవరు చూస్తారు? గిన్నె పట్టుకుని పక్కింటికి పోతారు.

ఆ ఏడు దీపావళికి లాకులపాలెం వీధిదీపాలు తెల్లవార్లూ వెలిగాయి. ఆస్పత్రికి కరెంటొచ్చింది. హైమకి శాలువా కప్పారు. సత్యవేణి ఆ శాలువాని కూడా దొడ్లో ఉతికి ఆరేసిన తరవాతే లోపలికి తీసుకుంది.

"ఊరందరికీ దీపాలెట్టావు. నా పొయ్యి సంగతి చూడవే," అంది ఓ పొద్దున్న. సిలిండరు దొరకడం గగనమైపోయింది అప్పటికి.

"ఇంట్లో పెట్టుకునేది కాదక్కా అది."

"ఏం, కరుస్తదా?"

"కరవదు. తిండి లేకపోతే చస్తుంది, అంతే."

"మరింకేం? మన దొడ్డి గుంటకి తిండికేం లోటే!"

హైమ పకపకా నవ్వేసింది. మర్నాడు హార్లిక్స్ సీసాలో తోడు తెచ్చి అక్క చేతికిచ్చింది. చేత్తో ముట్టుకోవద్దంది, తొడుగులు ఇచ్చింది, ఎవరికీ ఇవ్వద్దని ఒట్టు వేయించుకుంది. సత్యవేణి అన్నిటికీ తలూపింది. మరుగుదొడ్డి గుంట మీద రబ్బరు సంచీ బిగించి, గొట్టం పొయ్యికి తగిలించారు. నీలంగా మంట లేచింది. అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఆ పూట ఆ మంట మీద వండిన పులుసు ఎంత రుచిగా ఉందో హైమ ఆ తరవాత చాలాసార్లు తలుచుకుని ఏడ్చింది.

పక్కింటి మంగతాయారు మంట చూసింది. సాయంత్రం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

అంతే సంగతులు. మంగతాయారు దగ్గర ఎదురింటావిడ, ఆవిడ దగ్గర వాళ్ల ఆడపడుచు. మరుసటేడు వానలు వెనకబట్టేసరికి లాకులపాలెంలో ప్రతి దొడ్లోనూ రబ్బరు సంచీలు ఉబ్బి కనబడ్డాయి. తొడుగుల సంగతి ఎవడికి గుర్తుంటుంది? గరిటెతో తీసేవాళ్లు, అదే గరిటె కడిగి చారులో పెట్టేవాళ్లు. సత్యవేణీ అంతే.

హైమ నెత్తీనోరూ కొట్టుకుంది. "నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు. గిన్నట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషికి లేదని ఎలా చెప్పనే? తోడేగా! లేదన్న మాట నా నోట్లోంచి రాలేదు."

కోపం నిలబడలేదు. సాయంత్రం కాలవ గట్టు మీద నడిచొస్తుంటే ఇంటింటా నీలం మంటలు కనబడుతున్నాయి. పొగ లేదు, సిలిండరు లారీ లేదు. ఇదంతా నా చేతి చలవే కదా అని హైమ లోలోపల పొంగిపోయింది. నిజం చెప్పుకోవాలి కదా, పొంగిపోయింది.

సంక్రాంతి పోయాక ఊరికి ఆకలి పట్టుకుంది. మొదట్లో అందరికీ అది నవ్వులాటే. కర్రీ పాయింటు దగ్గర జనం కాలవ వంతెన దాకా నిలబడేవాళ్లు. "ఒక్కోడూ ముగ్గురి కూరలు పట్టుకుపోతున్నాడే. ఈ ఊరికి భస్మక రోగం పట్టిందేంటో," అని సత్యవేణి మురిసిపోయింది. తనూ రెండేసి కంచాలు తినేది. తిన్న గంటకే మళ్లీ గిన్నెల మూతలు తీసేది. అయినా జాకెట్లు వదులయ్యాయి. "చిక్కితే బావున్నావక్కా," అంది హైమ. తను మాత్రం మధ్యాహ్నం ప్లాంటు క్యాంటీన్లోనే తినేది, అందుకని తన ఒంట్లో అంత తేడా తెలియలేదు. తరవాత్తరవాత బడిపిల్లలు ప్రార్థనలో కళ్లు తిరిగి పడడం మొదలెట్టారు. ఆస్పత్రిలో నులిపురుగుల మందు పంచారు.

సరిగ్గా అప్పుడే ప్లాంటులో గ్యాసు పడిపోయింది.

"మురుగు ఎప్పుడొచ్చినంతే వస్తోందండీ. గ్యాసు సగానికి సగం లేదు. మీ తోడు ముసలిదైపోయిందేమో చూడండి," అన్నారు నరసరాజు గారు.

తోడు బాగానే ఉంది. బురదలోనే పస లేదు. దొడ్ల గుంటల్లోనే అంతా అరిగిపోయి ప్లాంటుకి పిప్పి వస్తోందనుకుంది హైమ. అయినా చూద్దామని కొత్త కాలనీ మురుగు విడిగా పట్టించింది. అక్కడన్నీ అపార్టుమెంట్లు. గుంటల్లేవు, సంచీల్లేవు, మరుగుదొడ్డి నుంచి నేరుగా గొట్టంలోకే. మూత తీసి, తాడు కట్టిన డబ్బా దింపి పైకి లాగింది. తేటనీళ్లు. అడుగున బూడిదరంగు ఒండ్రు.

చాలాసేపు ఆ డబ్బాకేసే చూస్తూ కూర్చుంది. గొట్టంలోకి రాకముందే ఎవరో తినేశారు. కంచానికీ గొట్టానికీ మధ్య ఇంకేం ఉంది? ఉన్నది ఒక్కటే. ఎప్పుడూ తిండి ఉండేది, చల్లగానూ ఉండనిది, వేడిగానూ ఉండనిది. మనిషి కడుపు. హైమ డబ్బాని నడిరోడ్డు మీదే వదిలేసింది.

ఇంటికి పరుగెత్తింది. ఆరోజు వీధి గుమ్మంలోంచే వెళ్లింది, ఎవరూ ఆపలేదు. సత్యవేణి వంటింట్లో నేల మీద కూర్చుని, కర్రీ పాయింటు కోసం వండిన గుండిగలోంచి చేత్తో అన్నం తింటోంది. చెల్లెల్ని చూసి సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎంత తిన్నా కడుపు నిండట్లేదే. ఏంటో మరి."

హైమ పక్కన కూర్చుని చెప్పింది. అక్క కడుపులో ఏముందో, అది తిన్నదంతా ఎలా మాయం చేస్తోందో, దాన్ని ఎవరు పెంచారో, అన్నీ చెప్పింది. తిడుతుందనుకుంది, కొట్టినా బావుణ్ణనుకుంది. సత్యవేణి గుండిగ మీద మూత పెట్టింది.

"అయితే నా చేతి కూర తిన్నోళ్లందరికీనా?" అంది. "చంటిపిల్లల తల్లులొచ్చి పట్టుకెళ్లారే హైమా. పిల్లలకని కారం తగ్గించి మరీ ఇచ్చాను."

ఆస్పత్రిలో డాక్టరు కరుణ ఉన్న మందులన్నీ వాడి చూసింది. ఇది బ్యాక్టీరియా కాదు, బ్యాక్టీరియాకి దూరపు చుట్టం. యాంటీబయోటిక్కులు దాన్ని తాకను కూడా తాకవు. బ్లీచింగు పోస్తే సీసాలో చస్తోంది గానీ మనిషికి బ్లీచింగు పట్టలేం కదా. పెద్దాస్పత్రుల వాళ్లు ఫోటోలు తీసుకుని, నమూనాలు తీసుకుని, ఊరి చుట్టూ తాడు కట్టి వెళ్లిపోయారు. ఎవరికి వాళ్లు చేతులెత్తేశారు.

"ఒక్క దారుంది," అంది హైమ. "తిండి ఆపితే చస్తుంది. నేను కళ్లారా చూశాను."

"నోటి ద్వారా ఏమీ పెట్టకుండా, ఒట్టి సెలైన్ల మీదనా? వీళ్లు ఇప్పటికే ఎముకల గూళ్లు."

"వారం చాలు డాక్టరు గారూ. అది చస్తుంది, వీళ్లు బతుకుతారు. ఆ తరవాత తిన్నది ఒంటికి పడుతుంది."

డాక్టరుకి ఇంకో దారి కనబడలేదు. ముందు సత్యవేణిని చేర్చారు. సొంత అక్కనే పడుకోబెట్టిందంటే ఆవిడకి తెలిసే ఉంటుందని, మిగతావాళ్లూ వచ్చి చేరారు. వార్డు నిండిపోయింది. హైమ కడుపులోనూ అదే ఉందని పరీక్షలో తేలింది. ఒంట్లో ఇంకా కండ ఉంది కనక తన వంతు తరవాత అనుకుంది. ల్యాబులో ఓ సీసాలో అదే తోడుని తిండి లేకుండా పెట్టి, అక్కతోపాటు దాన్నీ కనిపెట్టుకుని ఉంది.

మొదట్లో సత్యవేణి నవ్వులాడింది. "నీ శాలువా ఇలాతే, అదన్నా నముల్తాను," అంది. తరవాత బేరం పెట్టింది. చారన్నం వద్దు, చారు చాలు. చారు వద్దు, గంజి తేట. ఆ తరవాత తిట్టింది. సత్యవేణి నోట్లోంచి అలాంటి మాటలు హైమ ఎప్పుడూ వినలేదు. తిట్టే ఓపిక కూడా అయిపోయాక చెల్లెలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"ఒక్క ముద్దే హైమా. నీకు నేనెప్పుడన్నా లేదన్నానా చెప్పు?"

"పెట్టకూడదక్కా. ఇంకొంచెం ఓర్చుకో. దానికి తిండి పెట్టినట్టే."

"నాక్కాదా మరి?"

హైమ బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయినా పెట్టలేదు. వార్డులో పూలమ్మే బేబమ్మ అని ఒకావిడ, సత్యవేణి పక్క మంచం ఆవిడది. "మీకు గుండె రాయి తల్లీ. అయినా మంచికేగా," అంది.

వారం తిరిగేసరికి సీసాలో గ్యాసు ఆగిపోయింది. నీళ్లు కదల్లేదు. హైమ సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. కరుణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "రేపు అందరికీ గంజి మొదలెడదాం," అంది.

ఒక్కసారి సరిచూసుకుందామని, మర్నాడు పొద్దున్న హైమ ఆ చచ్చిన సీసాలో గుక్కెడు గంజి పోసింది. ఎదురుగా కూర్చుంది. ఏమీ లేదు. నరసరాజు గారొచ్చి టీ పెట్టి వెళ్లారు. ఏమీ లేదు. లేచి అక్కకి గంజి కాద్దామనుకుంటుండగా, అడుగునుంచి ఒక బుడగ లేచింది. తరవాత ఇంకోటి. చూస్తుండగానే నురగ మెడ దాకా వచ్చింది.

చావలేదు. పడుకుంది. తిండి లేకపోతే పడుకుంటుంది, తిండి రాగానే లేస్తుంది, వెనకటికన్నా ఆకలిగా లేస్తుంది. ఇన్నేళ్లూ చచ్చిన తొట్టికి మళ్లీ తిండి పోసి చూసినవాడు లేడు. పక్క తొట్లో తోడుంది కదా అని కడిగి పారబోశారు. హైమా పారబోసింది. అక్కకి ముద్ద పెట్టకుండా, చెయ్యి పట్టుకుని ఏడ్చినా పెట్టకుండా మాడ్చింది ఇందుకు.

"ఏవైందండీ?" అన్నారు నరసరాజు గారు గుమ్మంలోంచి.

"ఏం లేదండీ. లేచింది."

ఇంటికెళ్లి పొయ్యి వెలిగించింది. అన్నం వండి, కందిపప్పు కమ్మగా వేయించి ముద్దపప్పు చేసింది. నెయ్యి కాచింది. పెట్టినా బతకరు, మాడ్చినా బతకరు. అలాంటప్పుడు మాడ్చడం దేనికి? డబ్బాలో సర్దుకుని, కాలవ గట్టెమ్మట ఆస్పత్రికి నడిచింది. దారిలో ఎవరో పలకరించారు గానీ వినబడలేదు.

సత్యవేణి మంచానికి అతుక్కుపోయి ఉంది. నెయ్యి వాసనకి కళ్లు తెరిచింది. డబ్బాకేసి చూసింది, చెల్లెలికేసి చూసింది.

"తినొచ్చా?" అంది, బడిపిల్ల పంతులమ్మని అడిగినట్టు.

హైమ డబ్బా ఒళ్లో పెట్టుకుంది. "తినొచ్చక్కా. చచ్చిపోయింది అది. తగ్గిపోయింది నీకు."

సత్యవేణి నవ్వింది. నోరు తెరిచింది. హైమ మెత్తగా పిసికి చిన్న ముద్ద పెట్టింది. దవడ ఒకసారి కదిలింది. రెండోసారి సగంలో ఆగింది. హైమ మంచినీళ్లు పట్టింది, అవి చెంప మీదుగా కారిపోయాయి. మింగక్కా అంది, మింగవే అంది, భుజాలు పట్టుకుని కుదిపింది. కాసేపటికి వేలు పెట్టి ఆ ముద్దని బయటికి తీసి, కొంగుతో అక్క మూతి తుడిచి, కళ్లు మూసింది.

ఏడుపు రాలేదు. కూర్చునే ఉంది.

"అమ్మా," అని పిలిచింది పక్క మంచం మీంచి బేబమ్మ. "అక్కగారికి టైము లేకపోయింది పాపం. చచ్చిపోయిందన్నారు కదా మీరు? ఆ పురుగు?"

హైమ తలెత్తి చూసింది. మాట వార్డంతా పాకిపోయింది. లేవలేనివాళ్లు మోచేతుల మీద లేచారు. ఎవరో దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ చివర ఒకాయన ఫోనులో "తగ్గిపోయిందంట, ఇంటికొచ్చేత్తన్నాను, పప్పు నానబెట్టు," అంటూ ఏడుస్తున్నాడు. అందరి కళ్లూ డబ్బా మీదే ఉన్నాయి. బేబమ్మ అప్పటికే నోరు తెరిచింది.

డబ్బాలో అన్నం అందరికీ చాలదు. హైమ దాన్ని చిన్న చిన్న ముద్దలు చెయ్యడం మొదలెట్టింది.